బావ కూర్చుని చూసిన పెట్టె

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నేను ఎవరినీ తేలిగ్గా నమ్మేవాణ్ణి కాదు. అక్క తన మొదటి జీతంతో కొనిచ్చిన గిటారు నా ప్రాణం. దానివైపు చూసిన ప్రతివాడూ నా లెక్కలో అనుమానితుడే. అందులో మొదటివాడు మా బావ (అక్క మొగుడే, బయటివాడు కాదు). ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, గుడ్డ సంచిలో ఉన్న గిటారుని మంచం మీద పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి దాని మెడ విరిగి ఉంది. పక్కనే బావ కూర్చుని తాపీగా పకోడీలు తింటున్నాడు. "నానేటి సేసినాన్రా? నాను కూకోకముందే అలగే ఉన్నాది," అన్నాడు. కూర్చోకముందే ఎలా తెలిసిందని అడగబోతే నా నోట్లో ఒక పకోడీ పెట్టాడు.

మెడ అతికించడానికి నెల పట్టింది. క్రిస్మస్ పాటలు దగ్గరపడుతున్నాయి, మళ్లీ విరిగితే ఇక అతకదన్నారు. "గట్టి పెట్టె కొనుక్కోరా" అని అక్క నన్ను విజయనగరం పంపింది, తోడుగా బావనే! దుకాణంలో ఆయన మూడు పెట్టెలు కింద పెట్టించి, మంచం బేరమాడేవాడిలా ఒక్కోదాని మీదా కూర్చోవడం మొదలెట్టాడు. "అది కూర్చునేది కాదండీ," అన్నాడు దుకాణదారు. "కూకునీవోలు ఉంతారు బాబూ," అన్నాడు బావ. మొదటిది కిర్రుమంది. రెండోదాని మూత లోపలికి దిగింది. మూడోది చెక్కది, బండబరువు. దానిమీద రెండుసార్లు ఎగిరి మరీ కూర్చుని, "ఇదే" అన్నాడు. ధర కూడా దానిదే ఎక్కువ. పైగా దుకాణదారు బావకి మాత్రమే టీ తెప్పించాడు. ఇద్దరూ కుమ్మక్కయ్యారని నాకు అర్థమైపోయింది. ఫోన్ చేస్తే అక్క కూడా "బావ సెప్పింది కొనీరా" అంది. (అంటే ముగ్గురూ!) వెంట తెచ్చుకున్న గిటారుని లోపల పెట్టి, చెవి దగ్గర ఊపి, గొళ్లేలు పదిసార్లు వేసి తీసి, గత్యంతరం లేక అదే కొన్నాను.

తిరుగు ప్రయాణంలో పాసింజరు రైలు కిక్కిరిసి ఉంది. నాకు కిటికీ దగ్గర సీటు దొరికింది. పెట్టె నడవలో ఉంది, బావ దానిమీద ఒక చెయ్యేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి ఎందుకేశాడా అని శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాకా కనిపెట్టి చూస్తూనే ఉన్నాను. అక్కడ వంకాయల గంపతో ఒకామె ఎక్కి, గంప దించి, పెట్టె మీద కూర్చోబోయింది.

"అమ్మా, వొద్దు! లోపల గిటారున్నాది!" బావ పెట్టెకి అడ్డంగా చేతులు చాచి కేకేశాడు.

"పెట్టి గట్టిగానే ఉన్నాది కదేటి బాబూ?"

"గట్టిదైనా వొద్దమ్మా. ఓపాలి నాను సూసుకోకండా కూకుంతే మెడ ఇరిగిపోనాది. మావోడు అన్నం తిన్నేదు!"

అనేశాక నావైపు చూశాడు. నేను గబుక్కున కిటికీ వైపు తిరిగి, పుట్టాక ఎప్పుడూ వరి చేలు చూడనట్టు చూశాను. నెల్లాళ్లుగా పట్టుకోవాలనుకున్న దొంగ ఎదురుగా దొరికితే నాకే సిగ్గేసింది. మా కోటబొమ్మాళి వచ్చేదాకా ఆయన నిలబడే ఉన్నాడు, చెయ్యి తియ్యలేదు.

ఆ మాట విన్నానని బావకి ఇప్పటికీ చెప్పలేదు. విననట్టు నటించానని ఆయనకి తెలుసేమో అని మాత్రం ఈనాటికీ నాకు అనుమానమే.