సుజాత చూసిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, తోడికోడలి మీద కుళ్ళుతో ఇల్లు కొని చూడు అనడం మరిచిపోయారు. ఆ లోటు నేను తీర్చాను. ఎంత ఘనంగా బోల్తా పడ్డానో వింటే, మీ తప్పులన్నీ మీకు ముద్దొస్తాయి.

మా తోడికోడలు సుజాత నాంపల్లిలో ఉంటుంది. నాలుగు వంకాయలు కొనడానికి నలభై తిప్పి చూసే మనిషి. నా పెళ్ళయ్యాక మూడు మిక్సీలు మారాయి, ఆమె పెళ్ళినాటి మిక్సీ ఇంకా గిర్రున తిరుగుతోంది. కుళ్ళు ఉండదా, చెప్పండి!

ఆబిడ్స్ వెనక సందులో పాత ఫ్లాటు అమ్మకానికి ఉందని తెలిసి, ఒక్కదాన్నే చూడబోయాను. పన్నెండేళ్ళు కిరాయి ఇళ్ళల్లో ఉండి కూడబెట్టిందంతా అందులో పెట్టాలి. బ్రోకరు యాదగిరి తాళం తీశాడు. నేనింకా హాల్లోనే ఉన్నాను.

"జర జల్ది చెప్పాలమ్మా. పొద్దుగాల్నే నాంపల్లి మేడం ఒకామె చూసిపోయింది. సుజాత అట. అరగంట మూలమూల చూసింది."

నా కడుపులో ఎండుమిరపకాయలు వేగాయి.

"ఏమన్నది?"

"ఇంటికి పోయి చెప్తా అన్నది."

ఇంకేముంది! సుజాత అరగంట చూసిందంటే ఇంటికి వంక లేనట్టే. ఆమె ఫోన్ చేసేలోపు నేను ఖాయం చేసుకోవాలి.

"వంటగది చూడున్రి అమ్మా," అన్నాడు యాదగిరి.

"చూసేదేం లేదు. బయానా పైసలు ఇప్పుడే పంపిస్తున్న. ఆమెకు మాత్రం చెప్పకు!"

సాయంత్రం మా ఆయన అడిగాడు, "మంచిగ చూసినవానే?"

"అరగంట చూసిన!" అన్నాను. చూసింది ఎవరైతేనేం? రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మా మరిదికి కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

గృహప్రవేశం నాడు సుజాతను ముందే కూర్చోబెట్టాను, మొహం మాడితే దగ్గర్నుంచి చూద్దామని. పాలు పొంగాయి. వంటవాళ్ళు తమ నీళ్ళు తామే డబ్బాల్లో తెచ్చుకున్నారు. చేతులు కడుక్కోవడానికి సుజాత నల్లా తిప్పింది. గాలి బుస్సుమంది.

"అక్కా, అప్పుడు గూడ గిట్లనే గాలే వచ్చింది. ఈ బిల్డింగుకు నీళ్ళ లైనే లేదంట. నేను గందుకే వద్దనుకున్న. లైను ఏయించినంకనే కొన్నరేమో అనుకుంటి."

నేను గబుక్కున నల్లా కట్టేశాను.

"ఇంటికి పోయి చెప్తా అన్నవట గదనే!"

"గదంటే వద్దనుడే గదక్కా! చీరల షాపుల మల్ల వస్తం అని లేస్తం, ఎన్నడన్న పోయినమా? పాపం, మొహం మీద వద్దని ఎట్లంటం?"

అదే మాట చెప్పి నేను ఆబిడ్స్‌లో దాటిన షాపులు ఎన్నని చెప్పను!

నీళ్ళ లైను వచ్చేదాకా ఏడు నెలలు బిందెలు నింపుకున్నది సుజాత ఇంట్లోనే. ఆమె నల్లా ధార చూసి దానికీ కుళ్ళుకున్నాను. చివరికి ఒకనాడు దేవుడి ముందు నిలబడి, ఇక నా కళ్ళతో చూడనిదే, నా చేత్తో నల్లా తిప్పనిదే ఏ ఇల్లూ కొననని దోసిట్లో నీళ్ళు పోసుకుని ప్రమాణం చేశాను.

ఆ దోసెడు నీళ్ళూ సుజాత ఇచ్చినవే.