ఐసుముక్కలు

గజపతినగరంలో ఎక్కి నా పక్కన కూర్చున్న ముసలామె ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులోంచి నీళ్లు కారి నా బ్యాగు తడిసింది. అసలే ఎండ, పైగా బస్సు నిండా జనం. "ఏంటమ్మా ఇది, బ్యాగంతా పాడైంది!" అని కసిరాను.

"తప్పయిపోనాది బాబూ" అంటూ ఆమె కవరులోని ఐసుముక్కలన్నీ కిటికీలోంచి పారబోసింది. వాటి మధ్యనున్న చిన్న గాజుసీసాను మాత్రం తుడిచి రొంటిన దోపుకుంది.

"ఏం మందది?" అన్నాను.

"కోళ్లకి బాబూ. ఊర్లో కొక్కెర రోగమొచ్చి, మెడలొంకరైపోయి సచ్చిపోతన్నాయి. మా ఇంటికింకా రానేదు. ఇది కంట్లో సుక్కేస్తే కోడే రోగంతో కలబడతాదంట."

నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆ సీసాలో ఉన్నది బలం తగ్గించిన రోగక్రిమి. అది బతికుంటేనే కోడి ఒళ్లు దాన్ని చూసి పోరాటం నేర్చుకుంటుంది. వేడి తగిలితే అది చచ్చిపోతుంది.

"మీ ఊరెంత దూరమమ్మా?"

"ఇంకో గంట పడతాది."

బస్సు ఆగిన చోటల్లా ఐసు కోసం కిటికీలోంచి చూశాను. ఒక్క సోడాబండి కూడా కనిపించలేదు. ఆ మందిక పనిచెయ్యదని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మళ్లీ కిటికీ వైపే తిరిగాను.

దిగేముందు ఆమె చీర చెంగుతో నా బ్యాగు మరోసారి తుడిచింది.

"ఆరిపోనాది బాబూ. ఏటీ అవనేదు" అంది.