సాసరు తొణికితేనే దెయ్యం

1987 జూన్, రెండో ఆదివారం, మధ్యాహ్నం. అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి ముందు గది. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా ఇంటి యజమాని, పంజగుట్టలో ఫోటో స్టూడియో నడిపే అన్నదమ్ములిద్దరూ. చూసింది: తమ్ముడు తీసిన దెయ్యం సినిమా.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మిగతాది చూడకుండానే గుర్తుంది.

ఆదివారం వచ్చిందంటే ఆ స్టూడియో నుంచి వీసీఆర్ అద్దెకు తెచ్చి, పేరు లేనివాళ్ళు తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యాల సినిమాలు చూడటం మా అలవాటు. వాటిలో అడవి అంటే నాలుగు మొక్కలు. పాడుబడ్డ బంగళా అంటే సున్నం రాలిన ఒకే ఒక్క గోడ. దెయ్యం మెట్లు దిగుతుంటే దాని వెంట మైకు నీడ కూడా దిగేది. నాకు అవే ఇష్టం. చేతిలో డబ్బు లేనివాడు భయపెట్టాలంటే బుర్ర వాడాలి. వాడాడా లేదా అని కనిపెట్టడంలో ఉన్న సరదా పెద్ద సినిమాల్లో దొరకదు.

చిక్కల్లా తీర్పు దగ్గరే వచ్చేది. చూస్తున్నంతసేపూ ముడుచుకుని కూర్చున్నవాళ్ళు, లైటు వేయగానే “నాకేం భయం కాలే” అనేవాళ్ళు. ఇల్లు అద్దెకిచ్చిన మా ఇంటాయనైతే అందరికన్నా ముందు అనేవాడు. ఒకసారి ఉలిక్కిపడి సాసర్లో చాయ్ పంచె మీద పోసుకుని కూడా అదే మాట అన్నాడు. “మీరంటే మొహమాటపడతారు, సాసరుకేం మొహమాటం అండీ?” అంది మా ఆవిడ. ఆనాటి నుంచి అదే మా పద్ధతి అయింది. భయపెట్టే ఘట్టం వస్తోందనగానే అంచుదాకా పోసిన చాయ్ సాసరు చేతిలో పట్టుకోవాలి. ఘట్టం అయ్యేదాకా తాగకూడదు. ఎవరిది తొణికినా సినిమా పాసు. మా ఆవిడది మాత్రం ఎన్నడూ తొణకలేదు.

స్టూడియో అన్నదమ్ముల్లో పెద్దాయనకు మా తీర్పు మీద గురి. మేం పాసు చేసిన క్యాసెట్లే దుకాణంలో ముందు వరుసలో పెట్టేవాడు. తమ్ముడు పెళ్ళి వీడియోలు తీసే కుర్రవాడు. ముహూర్తాలు లేని రోజుల్లో అన్న కెమెరా పట్టుకుపోయి, బల్కంపేటలో చుట్టాలింట్లో ఈ సినిమా తీశాడు. అన్నకు కోపం వచ్చింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. మా ఇంట్లో ఒక్క సాసరు తొణికినా రెండో సినిమాకు కెమెరా ఇస్తాడు. తొణకకపోతే తమ్ముడు జన్మలో పెళ్ళిళ్ళు తప్ప ఇంకేమీ తీయకూడదు.

కిటికీలకు దుప్పట్లు కట్టాం. పెద్దాయన తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. తమ్ముడు కూర్చోలేదు. టీవీ పక్కన నిలబడి, మా చేతులకేసే చూస్తున్నాడు.

మొదట్లోనే బండి పక్కదారి పట్టింది. తెల్లచీరలో దెయ్యం బావి దగ్గర ప్రత్యక్షమైంది. మేం సాసర్లు ఎత్తాం. చూస్తుండగానే దాని చుట్టూ హృదయం ఆకారం ఏర్పడి, పైనుంచి గులాబీ రేకులు రాలాయి.

“దీనికి సుత లగ్గం చేస్తున్నరా ఏంది?” అన్నాడు ఇంటాయన.

మా ఆవిడ సాసరు కింద పెట్టి మరీ నవ్వింది.

“లగ్గం క్యాసెట్లు చేసే మిక్సింగాయన అలవాటుల ఏసిండు భాయ్,” అన్నాడు తమ్ముడు, అన్న వైపు చూడకుండా.

“మరి నువ్వేం చేస్తున్నవ్‌రా? అక్షింతలు ఏస్తున్నవా?”

ఆ తర్వాత దెయ్యం ఎప్పుడు కనబడినా నవ్వే. నాకు మాత్రం ఆ పిల్లవాడి మొహం చూస్తే నవ్వు రాలేదు.

చివర్లో భోజనాల ఘట్టం వచ్చింది. ఇంటిల్లిపాదీ నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ముందు వరుసగా కూర్చున్నారు. కెమెరా అచ్చం పెళ్ళి భోజనాల్లోలాగే ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ కదిలింది. పెళ్ళి క్యాసెట్లో ఒక్క చుట్టం మొహం తప్పిపోయినా తగాదాలే కాబట్టి, అతని చేతికి అలాగే అలవాటైపోయింది. తాత, తాత పక్కన కొంచెం ఖాళీ, కోడలు, పిల్లలు. సంగీతం లేదు. గరిటెల చప్పుడు. వరుస చివరిదాకా పోయి, కెమెరా అదే నిదానంతో వెనక్కి వచ్చింది. పిల్లలు, కోడలు. తాత పక్కన ఖాళీలో ఇప్పుడొక ఆడమనిషి కూర్చుని ఉంది. తెల్లచీర లేదు, విరబోసిన జుట్టు లేదు. తలవంచుకుని అన్నం తింటోంది. పక్కనున్న కోడలు ఆమె వైపు చూడకుండానే, రోజూ చేసే పనిలాగా, రొట్టె అందించింది.

“అమ్మో!” అంది మా ఆవిడ. చాయ్ అంతా ఒళ్ళో పడింది.

లైటు వేశాం. “ఎట్ల చేసినవ్ బిడ్డా?” అన్నాడు ఇంటాయన.

“ఏం లేదు. మా ఫూఫీ, అదే మేనత్త, కెమెరా ఎనక నుంచి ఒంగొని పోయి కూసున్నది. కట్ లేదు.”

పెద్దాయన మాత్రం లేచి నిలబడ్డాడు. “భాబీ, జర నిజం చెప్పుండ్రి. మావోని మీద దయతోటి పోసుకున్నరా?”

“దయా? ఉతికిన చీర అండీ ఇది! మీ తమ్ముడి కోసం నేనెందుకు మరక చేసుకుంటాను?”

ఆయన క్యాసెట్ వెనక్కి తిప్పి ఆ ఘట్టం మళ్ళీ పెట్టాడు. తానే ఒక సాసరు తీసుకుని నిండుగా పోయించుకున్నాడు. ఆమె ఎక్కడ కూర్చుంటుందో ముందే తెలుసు కదా, చుక్క కూడా కదల్లేదు. చాయ్ తాగి, వీసీఆర్ అట్టపెట్టెలో సర్దుకుని, “చూస్తం,” అని వెళ్ళిపోయాడు. తమ్ముడు వైర్లు చుట్టుకుంటూ ఆయన వెనకాలే నడిచాడు. ఒప్పందం ప్రకారం గెలిచినవాడి నడక కాదది.

మర్నాడు పొద్దున నేను మాసబ్ ట్యాంక్‌లోని ఆఫీసుకు బయల్దేరుతుంటే, పెద్దాయన ఒక్కడే మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“సాబ్, రాత్రి మా ఇంట్ల అందరం తిననీకి కూసున్నం,” అన్నాడు. “రొట్టె పక్కకు ఇయ్యబోయి ఆగిన. ఎవలికి ఇస్తున్ననో మొహం చూసి ఇచ్చిన. మా బేగం ఒకటే నవ్వుడు.”

“అయితే?” అన్నాను.

“అయితే ఏముంది, కెమెరా ఇచ్చేసిన. గులాబీ రేకులు పెట్టొద్దని చెప్పిన. గిప్పుడు రెండో సినిమా తీయనీకి వానికి మీ వరండా కావాల్నట. భాబీ ఏమంటరో అడిగిపోదామని వచ్చిన.”

మా ఆవిడ లోపలి నుంచే జవాబిచ్చింది. “ఇస్తాం గానీ, లైట్లకి ప్లగ్గు వంటింట్లోనే ఉందండీ. నా వంట అయ్యాకే రమ్మనండి.”

ఆయన వరండా నుంచి వంటింటి దాకా అడుగులతో కొలుచుకుని, వైరు సరిపోతుందని తేల్చుకున్నాడు. తర్వాత రోడ్డు మీదికి పోయి కేకేశాడు. సందు మలుపులో స్కూటర్ పట్టుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు.

“అరే! ఒప్పుకున్నరు! వంటయినంక రావాల్నట!”