ఫ్యూజు జేబులో, కారు ఘాట్‌లో

దెయ్యాలు, గాలి సోకడం, దిష్టి, చేతబడి ఇవేవీ నేను నమ్మను. పదహారేళ్ళుగా విశాఖపట్నంలో కార్ల మెకానిక్‌గా బతుకుతున్నాను. బండి ఆగిందంటే దానికి పెట్రోలు అందకపోవాలి, గాలి అందకపోవాలి, లేదంటే కరెంటు అందకపోవాలి. నాలుగో కారణం చెప్పేవాళ్ళు కూడా నా షెడ్డుకి వస్తారు. "అమావాస్య నాడు శ్మశానం పక్క నుంచి వచ్చానండి, అప్పట్నుంచి స్టార్టవ్వట్లేదు" అంటారు. నేను ఎయిర్ ఫిల్టరు తీసి, దులిపి, ఇదిగో మీ దెయ్యం అని చేతిలో పెడతాను. బంపరుకి కట్టిన నిమ్మకాయలు తాజాగా ఉంటే మజ్జిగలో పిండుకుంటాను కూడా.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు రాయబోయేది ఇంకెవరైనా నాకు చెప్పి ఉంటే అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. మూడు సంబంధాలు తప్పిపోయాయి. మొదటివాళ్ళకి నా గోళ్ళలో నలుపు నచ్చలేదు. రెండోవాళ్ళకి గవర్నమెంటు ఉద్యోగం కావాలి. మూడోది పూర్తిగా నా తప్పే. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి కాఫీ తెస్తున్న క్షణంలోనే షెడ్డు నుంచి ఫోన్ వస్తే, లేచి వీధిలోకి పోయాను. పిల్ల నచ్చక మొహం మీదే లేచి వెళ్ళిపోయాడని వాళ్ళు అనుకున్నారు. మా అమ్మ మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నాలుగో సంబంధం అరకులో కుదిరేలా ఉంది. అమ్మాయి పేరు గౌరి. అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ళది విజయనగరం వైపు ఊరు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక కొండ మీదే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. గౌరితో ఫోన్లో ఒక్కసారి పది నిమిషాలు మాట్లాడాను. రోజంతా ఏం చేస్తారు అని అడిగింది. క్లచ్ ప్లేట్ల గురించి చెప్పాను. విసుక్కోకుండా వింది, పైగా మధ్యలో ప్రశ్నలు వేసింది. దాచుకోవడమెందుకు, ఫోన్ పెట్టేసి అమ్మతో ఇంకో సంబంధం చూడొద్దని చెప్పేశాను. ఇది కూడా తప్పిపోతే నేను తట్టుకోలేనని నాకు అప్పుడే తెలుసు.

ఇక కారు సంగతి. మా షెడ్డుకి వచ్చే ఒక డాక్టరు గారు విదేశం నుంచి రోటరీ ఇంజన్ కారు తెప్పించుకున్నారు. మామూలు ఇంజన్లో పిస్టన్లు కిందికీ మీదికీ ఆడతాయి. ఇందులో పిస్టన్లే ఉండవు. సమోసా ఆకారంలో మూడు మూలల ఇనుప దిమ్మెలు రెండు గుండ్రంగా తిరుగుతుంటాయి. నడిచినంతసేపు దాని సుఖం దానిదే. కానీ ఒక పాడుబుద్ధి ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వేడెక్కకముందే ఆపేశారో, అయిపోయింది. లోపల పెట్రోలు నిండిపోతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి, ఆ సమోసా మూలలకుండే నూనె పొర కడుక్కుపోతుంది. ఇక ఎంత తిప్పినా అంటుకోదు. ఫ్లడ్ అయింది అంటాం మేము.

ఆ ఇంజన్ నేను బాగుచేశాను. ఘాట్ ఎక్కించి చూసి ఇవ్వు రమణా అన్నారు డాక్టరు గారు. అరకు దారి కూడా ఘాటే కదా అంది మా అమ్మ. అలా ఒక శుక్రవారం పొద్దున్న, తెల్ల చొక్కా వేసుకుని, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. దారంతా అమ్మ ఒకటే మాట. "నేను లెగమన్నదాకా లెగకు. ఇల్లు అంటుకున్నా సరే, పిల్ల కాఫీ ఇచ్చిందాకా లెగకు."

గౌరి వాళ్ళ ఇల్లు సన్నటి వీధిలో ఉంది. కారు గుమ్మం ముందే ఆపాను. లోపల కాజాలు, జంతికలు పెట్టారు. గంటన్నర సేపు చుట్టరికాలు తవ్వుకున్నారు. డిసెంబరు చలి, పది దాటినా మంచు విడలేదు. బయట కారు మంచుగడ్డలా చల్లబడిపోయి ఉంటుందని నాకు తెలుసు.

ఇంతలో వీధిలో హారన్. ఆరోజు సంత. అల్లం బస్తాల వ్యాను ఒకటి నా కారు అడ్డమై ఆగిపోయింది. నేను లేవబోయాను. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. తలెత్తి చూస్తే గుమ్మంలో గౌరి, చేతిలో కాఫీ పళ్ళెం.

"అల్లుడుగారు లెగకూడదు. మీరు కూకోండి బాబూ, తాళం ఇలాగిచ్చీయండి, బేగి పక్కకెట్టెస్తాను" అంటూ గౌరి మేనమామ సింహాచలం లేచాడు. హుకుంపేట లైన్లో జీపు నడుపుతాడాయన. తాళం ఇచ్చేశాను. ఇచ్చిన చెయ్యి నాదేనా అని ఇప్పటికీ నాకు అనుమానం.

కారు స్టార్టయింది. ఆపొద్దని అరవాలి. కానీ నోటి నిండా కాజా, ఎదురుగా వంగి కప్పు అందిస్తున్న గౌరి. లోపల్లోపల లెక్కపెట్టాను. ఎనిమిదో సెకనులో ఇంజన్ ఆగింది. నా మొహం ఎలా మారిపోయిందో గానీ, గౌరి మెల్లగా "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అదే.

తర్వాత జరగాల్సిందే జరిగింది. సెలవు తీసుకుని కారెక్కాం. ఇంటిల్లిపాదీ గుమ్మంలో, వీధి వీధంతా అరుగుల మీద. తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతోంది, ఇంజన్ అంటుకోవడం లేదు. యాక్సిలరేటరు నేలకు తొక్కిపట్టి తిప్పాను. పెట్రోలు వాసన తప్ప ఏమీ రాలేదు.

"ఏటైంది బాబూ?" అన్నాడు గౌరి తండ్రి.

"ఫ్లడ్డయిపోయిందండీ."

"వరదేటి బాబూ, నెల్లాళ్ళ నుంచి సుక్క వాన నేదు కదా!"

"నానేటీ సెయ్యనేదు. పదడుగులు ముందుకెట్టి ఆపీసేను" అన్నాడు సింహాచలం, అప్పటికే సగం ఏడుపు మొహంతో.

గుమ్మంలో ఎవరో ఆడమనిషి "ఈయన నిజంగా మెకానిక్కేనంటావా?" అని పక్కావిడని అడగడం నా చెవిన పడింది. గోళ్ళలో నలుపుంటే వద్దన్నారు సరే, ఆ నలుపు కూడా ఉత్తుత్తిదేనని తేలితే ఇక నాకు పిల్లనెవరిస్తారు?

చొక్కా చేతులు మడిచాను. ముందుగా పెట్రోలు పంపుకి కరెంటు ఇచ్చే ఫ్యూజు పీకాను. చిన్న పసుపు రంగు ముక్క. లోపలికి ఇంకా పెట్రోలు రాకుండా అలా తీస్తాం, చివర్లో మళ్ళీ పెడతాం. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. ఈ కారులో ప్లగ్గులు చక్రం వెనక ఉంటాయి, అందుకని చక్రం విప్పి, నేల మీద పడుకుని నాలుగు ప్లగ్గులూ తీశాను. గుడ్డతో తుడిచి, వీటిని కాస్త వేడి చెయ్యాలండీ అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. గౌరి వచ్చి తీసుకుంది.

వంటింటి కిటికీలోంచి కనిపిస్తోంది. పొయ్యి మీద అట్లపెనం, పెనం మీద నాలుగు ప్లగ్గులు, పట్టుచీరలో గౌరి పట్టకారుతో వాటిని అటూ ఇటూ తిప్పుతోంది. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "పెళ్ళిచూపులకొచ్చి ఆ గుంట చేత ఇనప అట్లు పోయిస్తన్నావేట్రా!"

ప్లగ్గులు తెచ్చి ఇంకేం కావాలంది గౌరి. ప్లగ్గుల కన్నాల్లోంచి లోపలికి కాస్త ఇంజనాయిలు పొయ్యాలి, కారకుండా ఎలా పొయ్యాలో తెలియడం లేదన్నాను. లోపలికెళ్ళి కొత్త సిరంజి తెచ్చింది. "ఎన్ని ఎమ్మెల్?" అని అడిగింది. ఐదైదు చాలన్నాను. ఆయిలు ఎక్కించి, సిరంజి నిలబెట్టి, వేలితో కొట్టి గాలి బుడగ తీసేసి మరీ ఇచ్చింది. ఇంజనుకి గాలి బుడగతో ఏమీ కాదని చెప్పలేదు నేను.

ఇదంతా అరుగు మీద నుంచి చూస్తున్న పక్కింటి బుద్రమ్మ అప్పుడు లేచి వచ్చింది. ఎనభై ఏళ్ళు పైబడిన గిరిజన ముసలమ్మ. గుప్పెడు సామలు తెచ్చి బానెట్ మీద చల్లింది. చెయ్యి ఆనించి, వాళ్ళ భాషలో కారుతో ఏదో మాట్లాడింది. దేవుణ్ణి మొక్కినట్టు లేదు, కోడల్ని మందలించినట్టుంది. ఏమంటోందని గౌరి తండ్రిని అడిగాను. "పిల్ల మనువు సెడగొట్టకే, కొండ దిగీదాకా నడువు అంటంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే పరిస్థితిలో లేను.

ప్లగ్గులు బిగించి, చక్రం ఎక్కించి, తిప్పీ తిప్పీ నా బ్యాటరీ నీరసించింది కాబట్టి సింహాచలం జీపు బ్యాటరీ నుంచి వైర్లు కలిపి తాళం తిప్పాను. దగ్గింది. మళ్ళీ తిప్పాను. ఒక్కసారిగా గర్జించి, తెల్లటి పొగ కక్కింది. అంత పొగ నేను జన్మలో చూడలేదు. ఇల్లు కనపడలేదు, మనుషులు కనపడలేదు, కోళ్ళు ఎటు పోయాయో తెలియదు. పొగలోంచి సింహాచలం "అంటుకుంది, అంటుకుంది!" అని అరుస్తున్నాడు. కొంపే అంటుకుందనుకుని ఎవరో బిందెతో నీళ్ళు తెచ్చారు. ఇక ఆపితే మళ్ళీ మొదటికొస్తుందని భయపడి, వైర్లు పీకించి, బానెట్ వేయించి, అమ్మని ఎక్కించుకుని, ఏ దిక్కున ఎవరున్నారో తెలియని పొగకి దణ్ణం పెట్టి బయల్దేరాను.

అరకు నుంచి గాలికొండ దాకా రోడ్డు ఎక్కుడు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. దిగుడులో అయితే బండి తనంతట తానే జారిందని ఎవరైనా అనొచ్చు. ఎక్కుడులో జారదు. ఆ ఎక్కుడంతా కారు హాయిగా ఎక్కింది. గాలికొండ దాటి కొంత దిగాక, టైడా దగ్గర అమ్మ కాళ్ళు పట్టేశాయంటే పక్కకి ఆపి, గేరు తీసి, ఇంజన్ నడుస్తుండగానే దిగాం. అప్పుడు గౌరి నుంచి ఫోన్.

"ఆపరేషన్ అయ్యాక సామాను లెక్క సరిపోతే గానీ మేము కుట్లు వెయ్యనివ్వమండీ" అంది. "నాకు ఇందాకట్నుంచి మీ లెక్క సరిపోవట్లేదు. ప్లగ్గులు నాలుగు తీశారు, నాలుగూ పెట్టారు. సిరంజి నా దగ్గరుంది. పసుపు ముక్క ఒకటి జేబులో వేసుకున్నారు కదా, అది తిరిగి పెట్టడం నేను చూళ్ళేదు. పెట్టేశారా?"

చెయ్యి జేబు మీదికి పోయింది. ఫ్యూజు అక్కడే ఉంది.

బానెట్ ఎత్తి చూశాను. ఫ్యూజుల పెట్టెలో దాని చోటు ఖాళీ. అమ్మకి కూడా చూపించాను, నా కళ్ళ మీద నాకు నమ్మకం లేక. ఫ్యూజు లేకపోతే పంపు తిరగదు, పంపు తిరగకపోతే పెట్రోలు రాదు. పైపుల్లో మిగిలిన దానితో ఏ ఇంజనైనా నాలుగైదు సెకన్లు ఆడుతుంది, అంతే. ఇది ముప్పై కిలోమీటర్లు పైగా కొండలెక్కి దిగి వచ్చి, నా ఎదుట గుర్రుమంటూ నిలబడి ఉంది.

ఫోన్లో గౌరి ఇంకా ఉంది. వెనక ఆమె తండ్రి దగ్గు, సింహాచలం గొంతు వినిపిస్తున్నాయి. స్పీకరు పెట్టినట్టున్నారు. పెట్టేశానండీ అంటే సరిపోయేది. ఎవరొచ్చి చూస్తారు? పంపు ఫ్యూజు మర్చిపోయానని మెకానిక్కు ఆడపిల్లవారి ముందు ఒప్పుకోవడమంటే, డాక్టరు కడుపులో కత్తెర మర్చిపోయానని ఒప్పుకోవడమే. అమ్మ చేతులూపుతూ చెప్పొద్దని సైగ చేస్తోంది.

"లేదండీ, మర్చిపోయాను. తప్పు నాదే. జేబులోనే ఉంది" అన్నాను.

ఈ సంబంధం కూడా పోయిందని ఖాయం చేసుకున్నాను.

"మరి బండెలాగెల్తంది?" అన్నాడు సింహాచలం.

"తెలీదండీ."

"ఇంజన్ ఇంకా నడుస్తోందా?" అంది గౌరి. నడుస్తోందన్నాను. "అయితే ముట్టుకోకండి. ఇంటికెళ్ళి ఫోన్ చెయ్యండి."

అన్నేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్‌ని, ఒక నర్సు చెప్పిందని బానెట్ మెల్లగా మూసేసి, ఊపిరి బిగబట్టి ఘాట్ దిగాను. అమ్మకి తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ అయిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. బొడ్డవర దగ్గర ఆఖరి వంపు తిరిగి, రోడ్డు చదునైన చోట, ఇంజన్ తుస్సుమని ఆగిపోయింది.

అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "కొండ దిగీదాకా ఏట్రా! ఇంటిదాకా అని అనమని ఆ ముసల్దాన్ని అడగలేకపోయావా?"

ఫ్యూజు పెట్టి తాళం తిప్పాను. మొదటి తిప్పుకే స్టార్టయింది.

షెడ్డుకి వచ్చాక ఆ ఫ్యూజు తీసి ఏడుసార్లు స్టార్ట్ చేసి చూశాను. ప్రతిసారీ నాలుగు సెకన్లలో ఆగిపోయింది. వైర్లన్నీ విప్పి చూశాను, ఎక్కడా ఏదీ అతుక్కుని లేదు. సింహాచలం గానీ ఇంకెవరైనా గానీ వేరే ఫ్యూజు పెట్టారేమో అంటే, ఆ చోటు ఖాళీగా ఉండటం నేనూ అమ్మా చూశాం. డాక్టరు గారికి చెప్తే, కొంచెం నిద్రపో రమణా అన్నారు.

మర్నాడు గౌరి తండ్రి ఫోన్ చేసి పిల్ల ఒప్పుకుందన్నాడు. పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, వీధంతా పొగ పెట్టి పారిపోయినవాణ్ణి ఎలా ఒప్పుకున్నావని.

"ఫ్యూజు లేకుండా కారు నడిచిందంటే నమ్మడం కష్టమే" అంది గౌరి. "కానీ, తప్పు నాదేనని ఒక మగాడు మా నాన్నతో, మావయ్యతో సహా అందరూ వింటుండగా ఒప్పుకున్నాడు. అది నా చెవులతో నేను విన్నాను. మా ఇంట్లో అలాంటిది అదే మొదటిసారి."

ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నానో నాకు తెలుసు. ఆ పిల్లకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కారు ఎందుకు నడిచిందో మాత్రం ఇవాళ్టికీ తెలియదు.