పీకితే రాని అత్తగారు

అటవీ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ మోకాలమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొండవాలు మీద నాటిన మొక్కలకు కాపలా ఆవిడ. ఏడాదికోసారి వాటి ఎత్తు కొలిచి రిజిస్టర్లో రాయాలి. ఆఫీసువాళ్ళు ఇచ్చిన టేపును మొదటి ఏడే ఎలుకలు కొరికేశాయి. కొత్తది కావాలంటే అర్జీ పెట్టాలన్నారు. ఆ అర్జీ చుట్టూ తిరిగే ఓపిక లేక ఆవిడ ఒంటితోనే కొలవడం మొదలెట్టింది. చీలమండ, మోకాలు, నడుము, గడ్డం. రిజిస్టర్లోనూ అలాగే రాసింది.

ఆ రాతే ఇప్పుడు కొంప ముంచింది. కొత్తగా వచ్చిన రేంజరు రిజిస్టరు తిరగేస్తే, పైవాలు మొక్కలకు ఆరేళ్ళుగా ఒకటే మాట: మోకాలు, మోకాలు, మోకాలు.

"ఎదగనివాటిని ఎన్నాళ్ళని మేపుతాం? బుధవారం పీకించి కొత్తవి వేయిద్దాం," అన్నాడాయన.

మేస్తున్నది జింకలు కదా అన్న మాట నోటిదాకా వచ్చినా ఆవిడ మింగేసింది. చుట్టూ కంప కట్టనివ్వమని మూడేళ్ళు అడిగి అడిగి నోరు నొప్పెట్టింది మరి.

ఆ మొక్కలకు ఆవిడ చుట్టాల పిలుపులు పెట్టుకుంది. పెద్దాడపడుచు, తోడికోడలు, చిన్నమామ. అన్నిటికన్నా పైన, బండ పక్కనున్నది అత్తగారు. ఇంట్లో అనలేని మాటలన్నీ పొద్దున్నే వచ్చి ఆ మొక్కతో అనేది. జింక దాని తల కొరికేసిన రోజున పక్కనే కూర్చుని ఏడ్చిన మాటా నిజమే. బుధవారం అవన్నీ పోతాయంటే ఆవిడకు ముద్ద దిగలేదు.

బుధవారం రేంజరు ఇద్దరు కూలీలతో వచ్చాడు. కోడలు మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని, అసలు అత్తగారు కూడా ఆయాసపడుతూ అప్పుడే వాలెక్కి వచ్చింది.

"కూలీలెందుకు సార్? తమ చేత్తో ఒకటి పీకి శ్రీకారం చుట్టండి," అంది మోకాలమ్మ, వినయం ఒలకబోస్తూ. "అదిగో, బండ పక్కన. మా అత్తగారు."

నోరు జారిందని తెలిసేసరికే ఆలస్యమైంది.

"నేనెక్కడున్నానే అక్కడ?" అంది వెనకనుంచి అత్తగారు.

రేంజరు ఒక చేత్తో లాగాడు. రెండు చేతులతో లాగాడు. బండకు బూటు తన్నిపెట్టి లాగాడు. ఆఖరికి ఆయన కూలబడ్డాడు, టోపీ వాలు కిందికి దొర్లిపోయింది. మొక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

"లాగు బాబూ, ఇంకాస్త లాగు. నన్ను కదిలించాలని మా కోడలు ఇరవై ఏళ్ళుగా చూస్తోంది, దానివల్లే కాలేదు," అంది అత్తగారు.

కూలీలు మొహాలు తిప్పుకున్నారు. మోకాలమ్మ గునపంతో మొక్క మొదట్లో కాస్త మట్టి తీసి చూపించింది. పైన పుల్ల చిటికెనవేలంత, కింద వేరు ఆవిడ ముంజేతంత.

"జింక తల కొరికినప్పుడల్లా పక్క మొగ్గలు లేస్తాయి సార్. వాటినీ కొరుకుతుంది, మళ్ళీ లేస్తాయి. పైన ఎంత తిన్నా కింద వేరు దిగుతూనే ఉంది. ఇప్పుడు ఒక్క కొమ్మను మాత్రం ఉంచి, మిగతావి కత్తిరించి, చుట్టూ కంప కడితే ఆ బలమంతా దానికే. నా గడ్డం దాటిందా, ఇక ఇక్కడి జింకలకు తల అందదు."

రేంజరు ప్యాంటు దులుపుకున్నాడు. "ఒక్క ఏడాది చూస్తాను. కంప కట్టుకో. రిజిస్టర్లో మాత్రం సెంటీమీటర్లే," అన్నాడు. మర్నాడు టేపు కూడా పంపాడు.

ఆ రోజు ఆయన వెళ్ళాక అత్తగారు మొక్క ముందు చతికిలబడింది.

"అయితే ఇన్నాళ్ళూ నన్నిక్కడ తిడుతున్నావన్నమాట."

"తిట్టాను అత్తయ్యా. నీళ్ళు కూడా పోశాను."

అత్తగారు మొక్కకున్న నాలుగు కొమ్మల్నీ తడిమి, ఒకదాన్ని పట్టుకుంది. "దీన్నుంచు. మిగతావి తీసెయ్."

మరుసటి ఏడాది కొలతల రోజున అత్తగారు పిలవకుండానే వాలెక్కింది. మోకాలమ్మ టేపు తీయబోతే వద్దంది. వంగిన నడుము బలవంతాన నిటారు చేసి మొక్క పక్కన నిలబడింది.

"చూడు, ఎంతుందో."

"మీకన్నా బెత్తెడు ఎక్కువ అత్తయ్యా."

"సరిగ్గా చూడవే," అంది అత్తగారు, నడుము కాస్త వంచేసి. "రెండు బెత్తెలుంది. అంతే రాయి."

మోకాలమ్మ అంతే రాసింది.