ఇంటికో తాటిపట్టె

మా ఊరి వంతెన దాటాలంటే నేను సంతకం పెట్టాలట. పేరు, ఫోన్ నంబరు, ఎవరి కోసం వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి తిరిగొచ్చారు, ఇన్ని గడులున్న రిజిస్టరు ఒకటి వంతెన మొదట్లో గేటు పక్కన బల్ల మీద పెట్టి, దానికో పెన్ను దారంతో కట్టి ఉంచారు. ఈమధ్య ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, బంతిపూల పొట్లం పట్టుకుని ఎప్పటిలాగే కాలువ అవతల ఉన్న సమాధుల తోటకి బయల్దేరితే, కొత్తగా వచ్చిన కాపలా అతను కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు.

"ఎవరి కోసమండీ, తాతగారూ?"

"మా అమ్మ కోసం."

"అమ్మగారిది ఏ విల్లా అండీ?" అంటూ ఫోను ఎత్తాడు.

ఎగతాళి కాదు పాపం, అతనికి నేర్పిన ప్రశ్న అది. అమ్మ పోయి ముప్పై ఏళ్లు దాటిందనీ, చివర వేపచెట్టు కింద ఉందనీ చెప్తే నొచ్చుకుని ఫోను పెట్టేశాడు. "అయితే పని అన్నచోట పర్సనల్ అని రాసేయండి. అందరూ అదే రాస్తారండీ," అన్నాడు. నేను పెన్ను కింద పెట్టి, పూలు వంతెన పిట్టగోడ మీద పెట్టి, ఇంటికొచ్చేశాను.

అంత పట్టింపు దేనికని మా అల్లుడు విసుక్కున్నాడు. దేనికో చెప్తాను. బెంజ్ సర్కిల్ నుంచి కంకిపాడు వైపు ఆటో ఎక్కితే ఇప్పుడు విజయవాడ ఎక్కడ అయిపోయిందో, మా ఊరు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు గానీ, మా చిన్నతనంలో ఊరంటే కాలువకి ఇవతల ఇళ్లు, అవతల పొలాలు, ఆ పొలాల చివర సమాధుల తోట. బతకడానికైనా, చచ్చాకైనా కాలువ దాటాల్సిందే. మోకాలి లోతు నీళ్లున్నప్పుడు చీరలు ఎగగట్టి దాటేవాళ్లు, నీళ్లు ఎక్కువైతే నాలుగు మైళ్లు చుట్టు తిరిగేవాళ్లు. ఒక వేసవిలో కాలువకి నీళ్లు కట్టేసినప్పుడు ఊరివాళ్లూ, ఊరి చివరున్న మా పేటవాళ్లూ కూర్చుని, సర్కారు కోసం చూసింది చాలు, ఇంటికో తాటిపట్టె ఇస్తే వంతెన మనమే వేసుకోవచ్చని తేల్చారు. ఎవరి పట్టె మీద వాళ్ల పేరు చెక్కించాలి, పుచ్చిపోతే ఆ ఇంటివాళ్లే మార్చాలి. అదీ ఒప్పందం.

మా నాన్న అప్పటికే లేడు. మగదిక్కు లేని ఇల్లు కదా, మీ పట్టె మేం వేసుకుంటాంలే అని పెద్దరైతు ఒకాయన జాలిపడితే, మా అమ్మ కొంగు దోపుకుని నిలబడి, "ఏం బాబూ, మా ఇంట్లో వాళ్లకి కాళ్లు లేవా?" అంది. రాబోయే ఊడ్పుల్లో పదిహేను రోజుల కూలికి బదులుగా ఒక తాటిమొద్దు అడిగి తెచ్చుకుంది. వడ్రంగి మామ ఉలి పట్టుకుని నాన్న పేరు చెక్కనా అని అడిగితే, "పోయినాయన నడుస్తాడా? నా పేరే చెక్కు," అంది. ఆ నాలుగక్షరాలు చదవడం ఆమెకి రాదు, అప్పటికి నాకూ రాదు. కానీ రోజూ గేదెల్ని తోలుకుని ఆ వంతెన దాటుతూ, ఇది అమ్మ పేరు, ఇది మామ పేరు అని ఒక్కో అక్షరాన్నీ పక్క పట్టె మీది అక్షరంతో పోల్చుకుంటూ, రెండేళ్లలో నేను చదవడం నేర్చుకున్నాను. బడి గడప తొక్కనివాడికి ఇంత చదువు ఎక్కడిదని అడిగేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే జవాబు ఆ వంతెనే.

అంతా సవ్యంగా జరిగిందని చెప్తే అబద్ధం. పేటవాళ్ల పట్టెలు అవతలి చివరన వేయాలని కొందరు పట్టుబట్టారు. వడ్రంగి మామ వినిపించుకోకుండా, వచ్చినవి వచ్చినట్టు వరసగా బిగించేశాడు. ఒక పెద్దాయన కొన్నాళ్లు మా పట్టెల మీద కాలు పడకుండా అంగలు వేసుకుంటూ దాటాడు. ముసురు రోజున ఒకసారి జారి కాలువలో పడితే పైకి లాగింది మా అమ్మే. ఒడ్డున కూర్చోబెట్టి, "ఇకనుంచి దగ్గర దగ్గరగా అడుగెయ్యండి, దొరా," అంది. ఊరు నవ్విన నవ్వు ఆయన పోయేదాకా ఆగలేదు. అన్నట్టు, ఆయన్ని మోసుకెళ్లిందీ ఆ పట్టెల మీదుగానే, తర్వాత మా అమ్మని మోసుకెళ్లిందీ వాటి మీదుగానే. అమ్మని తీసుకెళ్లిన రోజు ఆయన కొడుకు ఒక భుజం పట్టాడు.

పట్టెలు తీసేసి సిమెంటు వంతెన వేసినప్పుడు కూడా కంకర తట్టలు మోసింది మేమే. తర్వాత అవతలి పొలాలు ఒక్కొక్కటీ అమ్ముడుపోయి, తెల్లరంగు విల్లాలు లేచి, చుట్టూ గోడ లేచింది, వంతెనకి వాళ్ల గేటు పడింది. గోడలోపలి రోడ్డు చివరే సమాధుల తోట. వంతెన ప్రజలదే కదా అని పంచాయతీ ఆఫీసుకి వెళ్తే ఒక గదివాళ్లు ఇంకో గదికి పంపారు, ఆ గదివాళ్లు విల్లాల సంఘాన్నే అడగమన్నారు. ఆరు ఆదివారాలు అమ్మ దగ్గరికి వెళ్లకుండా ఉండి, చివరికి ఇక్కడ మీకు చెప్పినదంతా, పట్టెల సంగతీ, పేర్ల సంగతీ నాలుగు పేజీలు నా చేత్తో రాసి ఆ సంఘానికి పంపాను. నేను దయ అడగలేదు. ఊరివాళ్లు సంతకం లేకుండా తమ వంతెన దాటొచ్చు అని ఒక్క వాక్యం రాసివ్వమన్నాను.

ఆ కాలమే బాగుందని నేననను. మా పట్టెల మీద కాలు పెట్టనివాళ్లున్న కాలం అది. కానీ అప్పుడు పేరు రాయించుకున్నది వంతెన మాది అని చెప్పడానికి, ఇప్పుడు రాయమంటున్నది మాది కాదని ఒప్పుకోవడానికి. నా వయసువాళ్లకి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. నిన్న జవాబొచ్చింది. మంచి కాగితం మీద, చక్కగా అచ్చువేసి, ఒక ప్లాస్టిక్ కార్డు జతచేసి పంపారు. ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను.

"గౌరవనీయులైన తాతగారికి నమస్కారాలు. మీ ఉత్తరాన్ని కమిటీ సమావేశంలో చదివి వినిపించాం, అందరూ ఎంతో ఆనందించారు. మీ వయసును దృష్టిలో పెట్టుకుని మీకు శాశ్వత సందర్శకుల కార్డు మంజూరు చేయడమైనది. ఇకపై మీరు రిజిస్టరులో సంతకం చేయనవసరం లేదు, గేటు వద్ద కార్డు చూపితే చాలు. మీ వెంట వచ్చేవారు మాత్రం యథాప్రకారం సంతకం చేయాలి. కార్డులో 'ఏ ఊరి నుంచి వచ్చారు' అన్న గడి ఖాళీగా ఉంచాం. దయచేసి అది మీరే నింపుకోగలరు."