బతిమాలితే పనిచేస్తుంది

ఆ బ్రెయిలీ ప్రెస్‌లో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వాచ్‌మన్ దగ్గర్నుంచి సూపరింటెండెంట్ గారి దాకా అందరికీ ఆవిడ డ్రైవరమ్మే. ఆ పిలుపు విని, కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన వ్యాను తాళాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అది కంప్యూటర్ డ్రైవరండీ," అంది ఆవిడ. "మిషన్ చెప్పేది కంప్యూటర్‌కీ, కంప్యూటర్ చెప్పేది మిషన్‌కీ చేరవేసే చిన్న ప్రోగ్రామ్. నేను రాశాను. అందుకని నాకా పేరు."

"అయితే వ్యాను?"

"వ్యాను నాకు రాదు."

మిషన్ అంటే కాగితం మీద బ్రెయిలీ చుక్కలు పొడిచే మిషన్. మంచమంత ఉంటుంది. అది తిరుగుతుంటే పక్కగదిలో గ్లాసుల్లో నీళ్ళు వణుకుతాయి. దానితోపాటు వచ్చిన కంప్యూటర్ పదహారేళ్ళ కిందట చచ్చిపోయింది. మిషన్ తయారుచేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. కొత్త కంప్యూటర్‌కి తగిలిస్తే అది మిషన్‌ని గుర్తుపట్టనే లేదు. చూపులేని పిల్లల పాఠ్యపుస్తకాలు సగంలో ఆగిపోయాయి. అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళ ఆపరేటర్‌గా ఉన్న ఆవిడ ఆ కొత్త కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది. దాని లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు, కావలసింది రాసి చేర్చుకోవచ్చు. నాలుగు నెలలు చదివి, చెడగొట్టి, మళ్ళీ చదివి ఒక డ్రైవర్ రాసింది. మిషన్ మొదటి వరస పొడిచిన రోజు ప్రెస్ అంతా వచ్చి చప్పట్లు కొట్టింది. ఆ హడావిడిలో తన వెనక గడియ పడిన చప్పుడు వినబడలేదని తరువాత చాలాసార్లు అనుకుంది.

మూడేళ్ళకి ఆ కంప్యూటరూ పోయింది. కొత్తవాటికి పాత ప్రింటర్ల ఇరవై అయిదు పిన్నుల పోర్టు లేదు. పోర్టు ఉన్న కార్డు విడిగా కొని బిగిస్తే, ఒక కార్డు లినక్స్‌కి పడుతుంది, ఇంకొకటి పడదు. డబ్బా ఒకటే, రంగు ఒకటే, లోపల చిప్ మాత్రం వేరు. ఆవిడ ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టి, ప్రతి కార్డు, ప్రతి మదర్‌బోర్డు, ప్రతి కేబుల్ గురించి రాసుకుంది. అందులో మూడు గళ్ళు. పనిచేస్తుంది. పనిచెయ్యదు. బతిమాలితే పనిచేస్తుంది. మూడో గడే అన్నిటికన్నా నిండింది.

ఆ నోటుపుస్తకం గురించి నోటిమాటగా తెలిసి, వేరే ఊళ్ళ ప్రెస్‌ల నుంచి ఫోన్లు వచ్చేవి. "అమ్మా, ఈ నంబరు కార్డు మన లినక్స్‌కి పడుతుందా?" ఆవిడ పేజీ తిప్పేది. "పడుతుంది బాబూ. కానీ రెండో స్లాట్‌లో పెట్టండి, మొదటిదాంట్లో అలుగుతుంది."

ఎవరి మిషన్ దేనికి పడుతుందో చెప్పగల ఆవిడకి, తనెక్కడ ఉండాలో చెప్పుకునే వీలు మాత్రం లేకపోయింది. భర్త రేవు ఊళ్ళో క్రేన్ల దగ్గర పని. కూతురు చదువు కోసం తండ్రి దగ్గరే ఉంటోంది. ఆవిడ రెండు ఆదివారాలకొకసారి ఆరు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేది. బదిలీకి అయిదుసార్లు అర్జీ పెట్టింది. అయిదుసార్లూ ఒకే వాక్యంతో తిరిగొచ్చింది: ఆ పని తెలిసినవారు మరొకరు లేనందున. ఆవిడ సెలవంటే మిషన్‌కీ సెలవే. కూతురు పుట్టినప్పుడు మూడు నెలలు అది ముసుగేసుకుని పడుంది. ఆ ఏడు పిల్లలకి లెక్కల పుస్తకం సగం చదువయ్యాక అందింది. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోయినా ఆవిడ మరిచిపోలేదు.

గది కూడా అలాంటిదే. ఒక్క కిటికీ, అది తెరిస్తే పక్క బిల్డింగు గోడ. చప్పుడు బయటికి పోకుండా నాలుగువైపులా స్పాంజి అట్టలు. లోపల మాట్లాడితే మాట మన నోటి దగ్గరే పడిపోతుంది.

ఆరోసారి పెట్టిన అర్జీకి ఆర్డరొచ్చింది. రేవు ఊళ్ళో బడిలో కంప్యూటర్ టీచరు. శుక్రవారం సాయంత్రం అయిదింటి లోపల ఇక్కడ విడుదల కాగితం పుచ్చుకోకపోతే ఆర్డరు రద్దు, ఆ ఉద్యోగం జాబితాలో తరవాతివాళ్ళకి.

సూపరింటెండెంట్ గారు కఠినాత్మురాలేం కాదు. కానీ ఆవిడకీ పైవాళ్ళున్నారు. "నువ్వు చెయ్యి పెట్టకుండా మిషన్ తిరగాలమ్మా. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి మొదటి పేజీ వచ్చేదాకా. బుధ, గురు, శుక్ర, మూడు పొద్దుళ్ళిస్తాను. ఏ రోజు తిరిగినా ఆ క్షణమే సంతకం పెడతాను."

నేర్చుకోవడానికి స్టోర్స్ నుంచి ఒకాయన్ని వేశారు. ఏభై ఏళ్ళ మనిషి. కాగితం మీద రాసి ఉంటే కొండనైనా పిండి చేస్తాడు, రాసి లేకపోతే తలుపు కూడా తియ్యడు. ఆయన్ని అందరూ స్టోరాయన అనేవారు. "అక్కా, నాకు తెలివితేటలు అడక్కు. మెట్టు మెట్టుగా రాసియ్యి, కళ్ళు మూసుకుని చేస్తాను," అన్నాడు ఆవిడకన్నా ఆరేళ్ళు పెద్దవాడు.

వారం రోజులు కూర్చుని ఆవిడ ముప్ఫై ఒక్క మెట్లు రాసింది. కంప్యూటర్ మీట నొక్కడం దగ్గర్నుంచి, తెర మీద ఏ మాట వస్తే ఏం కొట్టాలో అంతా. తొమ్మిదో మెట్టు: మిషన్ పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూడాలి, లేకపోతే గోడ స్విచ్ వెయ్యాలి.

బుధవారం తొమ్మిదింటికి స్టోరాయన లోపలికి వెళ్ళాడు. వెనక సూపరింటెండెంట్ గారు. గదిలో మూల బల్ల దగ్గర ఎప్పటిలా మాస్టారు. మాస్టారంటే ప్రూఫులు చూసే పెద్దాయన. చూడడమంటే వేళ్ళతో. పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల ముందే. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది.

అరగంటకి స్టోరాయన తలుపు తీశాడు. "పద్నాలుగో మెట్టు దగ్గర మిషన్ లేదంటోంది అక్కా. ఎదురుగుండా ఇంత మిషన్ పెట్టుకుని లేదంటే నేనేం చెప్పను?"

ఆవిడ లోపలికి పరిగెత్తింది. కంప్యూటర్ ఆపి, మూత విప్పి, కార్డు పీకి, దాని బంగారు పళ్ళు రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించి ఆన్ చేసింది. మిషన్ ఉందంది. టకటకా తిరిగింది.

"కార్డు వదులు," అంది ఆవిడ.

"నీకు తిరుగుతుంది. ఎప్పుడూ తిరిగిందిగా," అని సూపరింటెండెంట్ గారు వెళ్ళిపోయింది.

గురువారం అదే పద్నాలుగో మెట్టు. ఈసారి కేబుల్ మార్చింది, మళ్ళీ ఆన్ చేసింది, తిరిగింది. స్టోరాయన తల పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు దాన్ని ఏమైనా అంటావా? చెవిలో?"

"అంటే రాయనా?"

"ఏమో. ఆడవాళ్ళు మిషన్లతో మాట్లాడే మాటలు మెట్లలో రావు."

మరో రోజైతే నవ్వేది. ఆ సాయంత్రం భర్త ఫోన్ చేస్తే కూతురు లాక్కుంది. "అమ్మా, నీ మంచం వేసేశాం. కిటికీ పక్కన. నాన్న నాలుగు కాళ్ళూ తుడిచాడు. శనివారం పొద్దుటి బస్సా, మధ్యాన్నం బస్సా?"

"చూడాలి తల్లీ."

"నువ్వెప్పుడూ చూస్తూనే ఉంటావు," అని పిల్ల ఫోన్ తండ్రికిచ్చేసింది.

అందరూ వెళ్ళిపోయారు. ఆఫీసు వ్యాను వచ్చేదాకా ఎదురుచూసే మాస్టారు ఒక్కడే ఉన్నాడు. ఆవిడ ముప్ఫై ఒక్క మెట్లూ బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళింది. అన్నీ ఉన్నాయి. తన పదహారేళ్ళూ ఆ నాలుగు కాగితాల్లోకి వచ్చేశాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ తన చేతుల్లోనే ఎక్కడో ఉంది. చేతులు చెప్పవు.

"మాస్టారూ, మీరు రోజూ ఇక్కడే ఉంటారు. నేనేం మరిచిపోయాను?"

మాస్టారు ప్రూఫు కాగితం మీద వేళ్ళు ఆపాడు. "నాకేం తెలుసమ్మా, చూసేవాణ్ణా?"

అలాంటి మాట ఆయన నోటినుంచి ఆవిడ ఎప్పుడూ వినలేదు. చూపు లేదన్నది సాకుగా వాడుకునే మనిషి కాదు. అయినా అలిసిపోయి ఉంది, పట్టించుకోలేదు. కాగితాలు మడిచి, కొక్కేనికి ఉన్న సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆవిడకి ఆశ లేదు. మంచం మళ్ళీ మడవమని ఫోన్లో ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటోంది. ఓరగా తెరిచి ఉన్న తలుపులోంచి స్టోరాయన గొంతు వినబడింది, పలక మీద అక్షరాలు దిద్దే పిల్లాడిలా గట్టిగా: "ఒకటో మెట్టు. కంప్యూటర్ మీట..."

"ఆగవయ్యా," అన్నాడు మాస్టారు.

వరండాలో ఆవిడ తలెత్తింది.

"తలుపు పక్కన కొక్కెం ఉంటుంది. దాని కింద గోడకి స్విచ్ ఉంటుంది, చూడు. ముందు అది వెయ్యి. మిషన్ గుర్రుమన్నాక నీ ఒకటో మెట్టు."

"అది నేను తొమ్మిదో మెట్టులో వేస్తున్నానండీ. పచ్చ లైటు లేకపోతేనే కదా..."

"ముందు వెయ్యవయ్యా అంటే."

టక్. గుర్రు. తరవాత ఒకటి, రెండు, మూడు. పద్నాలుగో మెట్టు స్టోరాయన రెండుసార్లు చదివాడు. ఆపైన టకటకా చుక్కలు పడిన చప్పుడు, బెంచీ వణుకు.

ఆవిడకి అప్పుడు తెలిసింది. పదహారేళ్ళ కిందట తనే రాసింది ఆ డ్రైవర్. కంప్యూటర్ లేస్తూనే ఒక్కసారి పోర్టులోకి తొంగిచూసి, మిషన్ మేలుకుని ఉంటే ఉందంటుంది, లేకపోతే లేదని, కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేసేదాకా ఇక చూడదు. తను పొద్దున రాగానే సంచీ తగిలించేది, తగిలించిన చెయ్యే కిందికి జారి స్విచ్ వేసేది. సాయంత్రం సంచీ తీసుకునే చెయ్యే ఆపేది. అది అన్నిటికన్నా ముందు చేస్తున్న పనని ఆవిడకి ఏనాడూ అనిపించలేదు, సంచీ తగిలించడంలో ఒక భాగం. కరెంటు పోయి వచ్చినా స్విచ్ వేసే ఉండేది కనక మిషనే ముందు లేచేది. కార్డు రుద్దినప్పుడూ కేబుల్ మార్చినప్పుడూ తను చేసిన మేలల్లా, లేచి ఉన్న మిషన్ ఎదుట కంప్యూటర్‌ని మళ్ళీ లేపడమే.

సూపరింటెండెంట్ గారు బయటికొచ్చి, బెంచీ మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. "నీ భుజం మీద నుంచి దిగింది," అంది. అని తన గదికి వెళ్ళిపోయింది.

ఆవిడ లోపలికి వెళ్ళి మాస్టారి బల్ల ముందు నిలబడింది.

"మీకు బుధవారమే తెలుసు."

"తెలుసు. నీ పొద్దు నాకు కంఠతా వచ్చమ్మా. చెప్పుల చప్పుడు, కొక్కెం మీద సంచీ, స్విచ్ టక్కు, తరవాత కంప్యూటర్ ఫ్యాను గాలి. బుధవారం వీడు టక్కు లేకుండానే గాలి మొదలెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఇది లేవదని."

"నిన్న సాయంత్రం అడిగాను కదా మాస్టారూ."

"అడిగావు. అబద్ధమాడాను." ఆయన వేళ్ళు బల్ల అంచు వెంట నడిచి ఆగాయి. "నువ్వెళ్తే, ఈసారి కార్డు పోయినప్పుడు ఈ స్టోరాయన కాగితం తిరగేస్తూ కూర్చుంటాడు. నా పిల్లల లెక్కల పుస్తకం అక్కడ ఆగిపోతుంది. నేనిక్కడ ఈ బల్ల ముందు, చుక్కల్లేని తెల్లకాగితం తడుముకుంటూ. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని, నిన్నిలా కట్టేసి చదివించుకునే లెక్కలు ఏం లెక్కలు అనిపించింది. అంతే. మంచివాణ్ణని కాదు."

ఆవిడకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ తెల్లకాగితం ఆవిడకి తెలుసు, కూతురు పుట్టిన మూడు నెలలూ ఆయన తడుముకున్నది అదే. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. పదహారేళ్ళ కిందటి తన రాత తెరిచింది. మిషన్ లేదని తేలితే ఊరుకోకుండా, నిమిషానికొకసారి మళ్ళీ చూడమని ఒక ఎనిమిది వరసలు చేర్చింది. సాయంత్రం దాకా పరీక్షించింది. స్విచ్ ముందేసినా తిరిగింది, వెనకేసినా తిరిగింది.

"అయితే ఒకటో మెట్టు ముందు ఇంకో మెట్టు రాసుకోనక్కర్లేదా?" అన్నాడు స్టోరాయన కొంచెం నిరాశగా.

"వద్దు. కార్డు పోతే మాత్రం నోటుపుస్తకం చూసుకోండి. మూడో గడి దాకా వెళ్ళాల్సి వస్తే ఫోన్ చెయ్యండి."

"పొద్దున్నా?"

"ఎప్పుడైనా," అంది. అన్నాక, ఆ మాట తన నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుంది.

నోటుపుస్తకం స్టోరాయనకి కాక మాస్టారి బల్ల మీద పెట్టింది. "బ్రెయిలీలోకి దించే పుస్తకాల్లో ఇది కూడా వెయ్యండి. కార్డు పోతే స్టోరాయనకి మీరే చదివి చెప్పచ్చు."

మాస్టారు నున్నటి అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. "ఎన్ని పేజీలు?"

"నూట నలభై."

"మిషన్ ఆగకూడదన్నమాట అప్పటిదాకా."

నాలుగున్నరకి ఆవిడ లేచింది. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది, ఏడో పాఠం మధ్యలో ఉంది. కొక్కేనికున్న సంచీ తీసుకుంది. తీసుకున్న చెయ్యి దానంతటదే కిందికి జారి స్విచ్ మీద ఆగింది. మూలనుంచి మాస్టారు తల ఇటు తిప్పి వింటున్నాడు. టక్కుమనలేదు. చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఆవిడ బస్సు టికెట్టు కొనుక్కోవడానికి వెళ్ళింది. వరండా చివరిదాకా కాళ్ళకింద నేల వణుకుతూనే ఉంది.